బతుకమ్మ నాటికి పూసే ఆస్టర్ ఏది? అమెరికా పెరటికి శరత్కాలపు పూల ఎంపిక

సెప్టెంబర్ మొదటి వారం దాటిందంటే ఇక్కడ న్యూజెర్సీలో ఏ స్టోర్ ముందు చూసినా గుండ్రటి కుండీల్లో చామంతులు, వాటి పక్కనే ఊదా రంగు ఆస్టర్లు బారులు తీరి ఉంటాయి. కొత్తగా ఇల్లు కొన్న ఏడాది నేనూ నాలుగు కుండీలు తెచ్చాను. ఆకు కనపడనంతగా పువ్వే. మెట్లకి అటు రెండు, ఇటు రెండు పెడితే ఇంటికే కళ వచ్చింది. పన్నెండు రోజులు తిరిగేసరికి పూలన్నీ గోధుమరంగులోకి మారి, ముట్టుకుంటే పొడి రాలింది. ట్యాగు మీద ‘ఏటా మళ్లీ పూస్తుంది’ అని రాసి ఉంది కదా అని అక్టోబర్ చివర్లో నేలలో నాటాను. ఏప్రిల్లో మంచు కరిగాక చూస్తే ఎండు పుల్లలే మిగిలాయి. తరవాతి ఏడు ఇంకో చోట కొన్నాను. అదీ అంతే.

ఆ వసంతంలో వెనకింటి పెద్దావిడ తన ఆస్టర్ దుబ్బు విడదీస్తూ పిడికిలంత ముక్క ఒకటి పాత పేపర్లో చుట్టి ఇచ్చింది. చూడటానికి ఏమీ లేదు, నాలుగు పిలకలు, కాస్త మట్టి. దాన్ని డ్రైవ్‌వే పక్కన ఎండలో పెట్టి దాదాపు మర్చిపోయాను. అక్టోబర్ రెండో వారంలో, చుట్టుపక్కల అన్నీ వాడిపోతున్నప్పుడు, అది మోకాలెత్తు ఊదా గుట్టలా విరగబూసింది. అప్పటి నుంచి ఆస్టర్ల మీద నా ఇష్టం పెరుగుతూనే ఉంది. ఇప్పుడు పెరట్లో ఏడు రకాలున్నాయి. కొన్ని మంచి ఎంపికలు, రెండు తప్పులు. శరత్కాలంలో పెరట్లో రంగు కావాలనుకునే మనవాళ్లకి, అందులోనూ బతుకమ్మకి సొంత పెరటి పూలు పేర్చాలనుకునేవాళ్లకి, ఏది ఎందుకు ఎంచుకోవాలో నాకు తెలిసినంత చెబుతాను.

ముందే ఒక మాట. ఆస్టర్‌ని సెప్టెంబర్‌లో పువ్వు చూసి కొనకండి. తేదీ చూసి, చోటు చూసి, వసంతంలో కొనండి. నర్సరీలో ఏప్రిల్, మే నెలల్లో అది పచ్చి ఆకుల మొక్కలా ఉంటుంది, ఎవరూ దాని వంక చూడరు. కొనాల్సింది అప్పుడే. వేసవంతా వేరు పోసుకున్న మొక్క చలికాలాన్ని తట్టుకుంటుంది. సెప్టెంబర్ కుండీల్లో ఉండే మొక్క తన సత్తువంతా పువ్వుకే పెట్టేసి ఉంటుంది, కొత్త వేరు వేయడానికి దానికి సమయమూ ఉండదు, ఓపికా ఉండదు. శరత్కాలంలోనే నాటక తప్పదంటే నేల గడ్డకట్టడానికి కనీసం ఆరు వారాల ముందు నాటండి. కుండీలో వేళ్లు చుట్టచుట్టుకుని ఉంటే చేత్తో విప్పి మరీ పెట్టండి.

పండుగ ఎప్పుడు, పువ్వు ఎప్పుడు

మనం గమనించని సంగతి ఒకటుంది. బతుకమ్మ తేదీ ఇంగ్లీషు క్యాలెండర్‌లో దాదాపు నెల రోజులు ముందుకీ వెనక్కీ జరుగుతుంది. 2023లో ఎంగిలిపూల బతుకమ్మ అక్టోబర్ 14న వచ్చింది. 2024లో అక్టోబర్ 2, 2025లో సెప్టెంబర్ 21. అధిక మాసం పడిన ఏడు మళ్లీ అక్టోబర్ వైపు జరుగుతుంది. 2026లో అధిక జ్యేష్ఠం ఉంది కాబట్టి ఎంగిలిపూలు అక్టోబర్ 10, సద్దులు 18-19 ప్రాంతంలో. పువ్వు మాత్రం పంచాంగం చూసుకుని పూయదు. పగటి వేళ తగ్గుతూ వచ్చే కొద్దీ దాని లెక్కలో అది పూస్తుంది. అంటే ఒక్క రకం ఆస్టర్ నాటుకుంటే ఒక ఏడు పండుగకి అందుతుంది, ఇంకో ఏడు అందదు.

ఇంకొకటి. గునుగు, బంతి మనం ఇక్కడ విత్తనాలేసి పెంచుకుంటాం, బాగానే వస్తాయి. కానీ మొదటి ఫ్రాస్ట్ (రాత్రి చలికి గడ్డకట్టే మంచు) పడిన తెల్లారే నల్లబడి వాలిపోతాయి. మధ్య న్యూజెర్సీలో ఆ ఫ్రాస్ట్ మామూలుగా అక్టోబర్ రెండో సగంలో పడుతుంది. 2023లాగా, 2026లాగా పండుగ ఆలస్యంగా వచ్చిన ఏడు సద్దుల నాటికి గునుగు ఉంటుందో లేదో అని వారమంతా టెన్షనే. రాత్రిళ్లు పాత దుప్పట్లు కప్పి కాపాడుకునేవాళ్లని చూశాను, నేనూ కప్పాను. ఏటేటా వచ్చే ఆస్టర్లకి తేలికపాటి ఫ్రాస్ట్ ఒక లెక్కలోది కాదు. పొద్దున్నే రేకల అంచుల మీద తెల్లటి పొడిలా మంచు ఉంటుంది, పదింటికి ఎండ తగలగానే కరిగిపోతుంది, పువ్వు మళ్లీ విచ్చుకునే ఉంటుంది.

కాబట్టి సెప్టెంబర్ చివరికి ఒకటి, అక్టోబర్ మధ్యకి ఒకటి, ఈ రెండు ఉంటే ఏ ఏడైనా ఏదో ఒకటి చేతికందుతుంది. ఇక రకాలకి వస్తాను.

సువాసన ఆస్టర్: ఒక్కటే కొనేవాళ్లకి ఇదే

వెనకింటావిడ ఇచ్చినది ఇదే. ఇక్కడ దీన్ని అరోమాటిక్ ఆస్టర్ అంటారు. లేబుల్ మీద సింఫియోట్రైకమ్ ఆబ్లాంగిఫోలియం అని ఉంటుంది. ఆకు నలిపి చూడండి, కర్పూరానికీ పుదీనాకీ మధ్య ఉండే వాసన వస్తుంది. పువ్వు నీలం కలిసిన ఊదా, మధ్యలో పసుపు బొట్టు. సెప్టెంబర్ చివర్లో మొదలై అక్టోబర్ అంతా పూస్తుంది.

నాకు ఇది నచ్చడానికి అసలు కారణం దీని ఓర్పు. వేడిని, కరువుని, రాళ్ల నేలని తట్టుకుంటుంది. బూడిద తెగులు దీనికి చాలా తక్కువ. ఆకు వాసన వల్ల జింకలు మిగతా ఆస్టర్లంతగా దీని జోలికి రావు. దీనికి కావలసిందల్లా రోజుకి ఆరు గంటలు తగ్గకుండా ఎండ, నీరు నిలవని నేల. ముద్దు చేస్తేనే పాడవుతుంది. ప్రేమ కొద్దీ కంపోస్ట్ గుప్పించి, రోజూ నీళ్లు పోస్తే కొమ్మలు సాగి, మధ్యలోంచి చీలి నేల మీద పడిపోతాయి. నేను ఒక ఏడు అదే చేశాను, అక్టోబర్‌లో దుబ్బు నడినెత్తిన బోసిగా, చుట్టూ మాత్రం పూలతో కనిపించింది.

ఇందులో రెండు పేర్లు ఎక్కువగా దొరుకుతాయి. ‘అక్టోబర్ స్కైస్’ అడుగున్నర ఎత్తులో గుబురుగా ఉంటుంది, చిన్న పెరటికీ నడకదారి అంచుకీ సరిపోతుంది. ‘రేడన్స్ ఫేవరెట్’ రెండు నుంచి మూడడుగులు పెరుగుతుంది, కాస్త వదులుగా ఉంటుంది. చోటుంటే రెండోది తీసుకోండి, కోసుకోవడానికి పొడుగు కాడలు దొరుకుతాయి. లేకపోతే మొదటిది. పువ్వు నాణ్యతలో నాకైతే పెద్ద తేడా కనపడలేదు.

డాలస్, ఆస్టిన్ వైపు ఉన్నవాళ్లకి కూడా ఇదే నా సలహా. టెక్సస్ నర్సరీల్లో దీన్ని ఫాల్ ఆస్టర్ అని అమ్ముతారు, అక్కడి ఎండలకి తట్టుకుని నిలబడే ఆస్టర్ ఇది.

న్యూ ఇంగ్లండ్ ఆస్టర్: అందంలో మొదటిది, సాయంత్రానికి మాత్రం...

ఆస్టర్ అంటే చాలామంది కళ్లలో మెదిలే పువ్వు ఇదే. నాలుగు నుంచి ఆరడుగుల మొక్క, చిక్కటి ఊదా లేదా గులాబీ రేకలు, ఒక్కో పువ్వులో సన్నటి రేకలు యాభై పైనే. రోడ్ల పక్కన తడి నేలల్లో తనంతట తానే పెరుగుతుంది. కాస్త బంకమట్టి ఉన్నా, తేమ ఉన్నా సంతోషంగా ఉంటుంది. న్యూజెర్సీలో కొత్త కాలనీల్లో పైమట్టి తీసేసి గట్టి బంకమట్టి మిగిల్చిన పెరళ్లు ఎన్నో. అక్కడ సువాసన ఆస్టర్ కంటే ఇదే నయం.

సెప్టెంబర్ మధ్యాహ్నం దీని దగ్గర ఒక పావుగంట నిలబడితే కాలం తెలియదు. బొద్దు తుమ్మెదలు ఒక్కో పువ్వు మీద గుండ్రంగా తిరుగుతూ పసుపు బొట్టులో మూతి పెడతాయి. దక్షిణానికి, మెక్సికో కొండలకి పోయే మోనార్క్ సీతాకోకచిలుకలు దారిలో దీని మీదే వాలతాయి. అంత దూరం ఎగరడానికి వాటికి ఈ కాలంలో దొరికే తేనె ప్రాణం. మిగతా పూలన్నీ అయిపోయాక పూస్తుంది కాబట్టే ఈ మొక్కకి అంత విలువ.

లోపాలు రెండున్నాయి. ఒకటి, కింది ఆకులు ఆగస్టుకే ఎండి గోధుమరంగుకి తిరుగుతాయి, మొక్క కాళ్లు బోసిపోతాయి. ముందు వరసలో నాటితే అదే కంటికి కొడుతుంది. దాని ముందు రెండడుగుల మొక్క ఏదైనా నాటండి, సువాసన ఆస్టర్ అయినా సరే, కాళ్లు కనపడవు.

రెండోది మనకి ఇంకా ముఖ్యం. దీని పువ్వు సాయంత్రానికి ముడుచుకుంటుంది. కోసి పెడితే కూడా అంతే. ఇది తెలియక ఒకసారి మధ్యాహ్నం మూడింటికి పళ్లెం నిండా కోశాను. తాంబాళంలో గుమ్మడాకులు పరిచి, కింద బంతి, మధ్యలో వరసలు వరసలుగా ఈ ఊదా పూలు పేర్చాను. అమ్మ ఆ ఏడు ఇక్కడే ఉంది, ‘ఇంత మంచి రంగు మన ఊళ్లో గునుగుకి అద్దితే తప్ప రాదే’ అని మురిసిపోయింది. ఆరున్నరకి హాల్లో దించి చూస్తే ఊదా వరసలన్నీ సన్నటి పుల్లల కట్టల్లా ముడుచుకుపోయి ఉన్నాయి. పూలు వాడలేదు, పడుకున్నాయంతే. అమ్మ తన కొంగు చివర్తో వాటిని నిమిరి, ‘పొద్దున లేస్తాయిలే’ అంది. తెల్లారి చూస్తే నిజంగానే సగం లేచాయి, కానీ ఆట అయిపోయింది.

అందుకని దీన్ని పెరటి అందానికి నాటుకోండి, రాత్రి బతుకమ్మకి దీని మీద ఆధారపడకండి. పగలు ఆడేవాళ్లకి ఇబ్బంది లేదు. ఏ ఆస్టర్ అయినా పేర్చే ముందు రోజు ఒక కొమ్మ కోసి గ్లాసు నీళ్లలో పెట్టి, రాత్రి ఎనిమిదింటికి ఎలా ఉందో చూసుకోండి. అదొక్కటి చేసి ఉంటే నాకు ఆ రోజు అంత బాధ ఉండేది కాదు.

రకాల్లో ‘పర్పుల్ డోమ్’ రెండడుగులకి మించదు, కర్రలు కట్టే పని లేదు. డెలావేర్‌లోని మౌంట్ క్యూబా సెంటర్ దీన్ని తోటలకి పరిచయం చేసింది. పొట్టిగా ఉండటం మంచిదే కానీ, గాలి ఆడని మూలలో నాటితే బూడిద తెగులు పడుతుంది. ‘ఆల్మా పోచ్‌కే’ మెరిసే గులాబీ రంగు, మూడు నాలుగడుగులు, సెప్టెంబర్‌లోనే పూస్తుంది. ‘హెల్లా లేసీ’ మన న్యూజెర్సీ మొక్కే, ఇక్కడి తోట రచయిత ఆలెన్ లేసీ తన భార్య పేరు పెట్టాడు. నాలుగడుగుల ఊదా పూల మొక్క, దీనికి మాత్రం జూన్‌లో కొమ్మలు తుంచక తప్పదు.

న్యూయార్క్ ఆస్టర్, కుండీల్లో దొరికే పొట్టి రకాలు

స్టోర్లలో సెప్టెంబర్‌లో అమ్మేవి చాలావరకు ఈ కుటుంబపు సంకరాలే. ఇంగ్లండ్‌లో వీటిని మైకల్‌మస్ డైసీలంటారు. సెప్టెంబర్ 29న వచ్చే సెయింట్ మైకేల్ పండుగ సమయంలో పూస్తాయి కాబట్టి ఆ పేరు. పుట్టింది అమెరికా తూర్పు తీరంలో, పేరు వచ్చింది ఇంగ్లండ్‌లో. అక్కడ కోల్‌వాల్ అనే ఊళ్లో ఎర్నెస్ట్ బల్లార్డ్ అనే ఆయన ఇరవయ్యో శతాబ్దం మొదటి సగంలో వీటిలో ఎన్నో కొత్త రకాలు తయారుచేశాడు. ఆ ఊరి పిక్టన్ గార్డెన్‌లో ఇప్పటికీ వీటి జాతీయ సేకరణ ఉంది. బర్మింగ్‌హామ్ వైపు ఉన్న మనవాళ్లు సెప్టెంబర్ చివర్లో ఒక రోజు వీలు చేసుకుని వెళ్లొచ్చు.

రంగుల్లో వీటిని కొట్టేది లేదు. తెలుపు, గులాబీ, ఎరుపుకి దగ్గరైన రంగు, నీలం అన్నీ ఉన్నాయి. కానీ ఇది సుకుమారం. వేర్లు ఎండితే చాలు, ఆకుల మీద పిండి చల్లినట్టు బూడిద తెగులు వస్తుంది. తెగులు వచ్చాక మందులు కొట్టడం కంటే రాకుండా చూసుకోవడమే దారి: మొక్క మొదలు చుట్టూ మల్చ్ (ఎండాకు, చెక్కపొట్టు పరుపు), పొద్దున పూట ఆకు తడవకుండా వేరుకి నీళ్లు, మొక్కకీ మొక్కకీ మధ్య రెండడుగుల ఎడం. వేసవిలో ఇండియా ట్రిప్ పెట్టుకుని నాలుగు వారాలు ఇంట్లో లేని కుటుంబాలకి నేను దీన్ని సిఫారసు చేయను. ఇది నా మొదటి తప్పు ఎంపిక.

ఇష్టపడితే ‘వుడ్స్ పింక్’, ‘వుడ్స్ పర్పుల్’, ‘వుడ్స్ బ్లూ’ అనే పొట్టి రకాలు తీసుకోండి. అడుగు, అడుగున్నర ఎత్తు, తెగులుకి మిగతావాటి కంటే బాగా తట్టుకుంటాయి. ఆగస్టు చివర నుంచి సెప్టెంబర్ అంతా పూస్తాయి. 2025 లాంటి తొందర పండుగకి పనికొస్తాయి, అక్టోబర్ రెండో వారానికి అయిపోతాయి.

నీడ ఉన్న పెరడు

పెద్ద ఓక్ చెట్లు, మేపుల్ చెట్లు ఉండి ఎండ రాని పెరడైతే పైన చెప్పినవన్నీ వదిలేయండి. బ్లూ వుడ్ ఆస్టర్ నాటండి. హృదయాకారపు ఆకులు, లేత నీలం చిట్టి పూలు, అక్టోబర్ వరకూ ఉంటాయి. చెట్టు కింద పొడి నీడలో కూడా బతికే తెల్ల వుడ్ ఆస్టర్ ఇంకొకటి ఉంది, కాకపోతే అది ఆగస్టులోనే మొదలై ముందుగా ముగుస్తుంది. రెండూ విత్తనం రాల్చి తమంతట తామే పాకుతాయి, నీడ చోట అది మేలే. సగం ఎండ, సగం నీడ ఉంటే ‘బ్లూబర్డ్’ అనే స్మూత్ ఆస్టర్ చాలా నమ్మకమైనది, మూడు నాలుగడుగులు, శుభ్రమైన నున్నటి ఆకు.

అన్నిటికంటే ఆలస్యంగా వచ్చేది

‘జిందాయ్’ అనే టాటారియన్ ఆస్టర్ అక్టోబర్‌లో మొదలై నవంబర్‌లో అడుగుపెట్టేదాకా పూస్తుంది. టోక్యోలోని జిందాయ్ బొటానికల్ గార్డెన్‌లో కనుగొన్నారు కాబట్టి ఆ పేరు. ఆకులు పొగాకంత వెడల్పు, కాడలు గట్టివి, కర్ర కట్టక్కర్లేదు. పండుగ ఆలస్యంగా వచ్చిన ఏడు ఇది అక్కరకొస్తుంది.

కానీ భూమిలో దుంపవేళ్లతో పాకుతుంది. నేను మొదట గులాబీల పక్కన పెట్టాను. మూడో ఏటికి గులాబీల నడుమ నుంచి పైకి లేచింది, తవ్వి తీయడానికి రెండు శనివారాలు పట్టింది. ఇది నా రెండో తప్పు, మొక్కది కాదు, చోటుది. ఫెన్స్ వారగానో, గరాజ్ గోడ పక్కనో, చుట్టూ పాకినా ఫర్వాలేదనుకున్న చోట పెడితే ఇంత తక్కువ పనితో ఇంత పువ్వు ఇచ్చేది మరోటి లేదు.

కోసి పేర్చడానికే కావాలంటే

హైదరాబాద్ గుడిమల్కాపూర్ మార్కెట్‌లో ఆస్టర్ అని అడిగితే ఇచ్చేది పైవాటిలో ఏదీ కాదు. అది చైనా ఆస్టర్, కల్లిస్టెఫస్. ముద్దగా, బరువుగా, చామంతి అంత ఉంటుంది. ఒక్క ఏడాది మొక్క. ఊళ్లో ఉన్నవాళ్లకి నేను చెప్పేది కూడా ఇదే: అమెరికా ఆస్టర్ల కోసం వెతకొద్దు, బెంగళూరు ఉద్యాన పరిశోధన సంస్థ ఇచ్చిన కామిని, పూర్ణిమ, శశాంక్, వయొలెట్ కుషన్ లాంటి రకాలు మన ఎండలకి అలవాటు పడ్డవే.

అమెరికాలో కూడా బతుకమ్మకి నా మొదటి ఓటు దీనికే. కోసిన పువ్వు నీళ్లలో వారం నిలుస్తుంది. సాయంత్రం ముడుచుకోదు. కాడ పొట్టిగా తుంచి వరసలో పేరిస్తే బంతిలాగా కుదురుగా కూర్చుంటుంది. ఏప్రిల్లో ఇంట్లో నారు పోస్తే ఆగస్టుకే పూలొచ్చేస్తాయి, అది మనకి తొందర. పండుగ కోసమైతే మే చివర్లో నేరుగా మడిలో చల్లండి, పది రోజుల ఎడంతో రెండు దఫాలుగా చల్లితే ఇంకా మంచిది, ఎందుకంటే ఒక్కో మొక్క ఒకసారి గట్టిగా పూసి ఆగిపోతుంది.

జాగ్రత్త ఒక్కటే. ఎండు తెగులు నేలలోనే ఉండిపోతుంది. ఈ ఏడు వేసిన చోట వచ్చే ఏడు వేయకండి, కొన్నేళ్లు ఆ మడికి బంతో బెండో మార్చండి. మొక్క ఒక పక్కకి పసుపు తిరిగి, పువ్వు ఆకుపచ్చగా వికారంగా వస్తే అది ఆస్టర్ ఎల్లోస్. ఆకు మీద దూకే చిన్న పురుగులు మోసుకొచ్చే తెగులు అది. ఆ మొక్కని వెంటనే పీకి చెత్తలో వేయండి, కంపోస్ట్‌లో వద్దు.

ఏటా విత్తనం వేసే ఓపిక లేనివాళ్లకి ‘మాంటె కసీనో’ అనే తెల్ల ఆస్టర్ ఉంది. ఇక్కడి ఫ్లోరిస్టులు బొకేల్లో నింపేది, సన్నటి కొమ్మ నిండా చిక్కుడు గింజంత తెల్లపూలు. ఆరేడు కొమ్మలు దారంతో కట్టి, మొదలు సమంగా కోస్తే అచ్చం గునుగు కట్టలాగే పేర్చుకోవచ్చు. గునుగు విత్తనం మొలవని ఏడు మా ఇంట్లో ఇదే ఆదుకుంది.

తంగేడు లేని లోటు మాత్రం ఏ ఆస్టర్ తీర్చదు, దానికి పసుపు కావాలి. అందుకు గోల్డెన్‌రాడ్ నాటండి. ‘ఫైర్‌వర్క్స్’ అనే రకం సెప్టెంబర్, అక్టోబర్‌లలో పసుపు కొమ్మలు వంచి పూస్తుంది. ఊదా ఆస్టర్ పక్కన అది నిలబడితే చూసేవాళ్లు కారాపి చూస్తారు. దానివల్ల ఎలర్జీ వస్తుందని మనవాళ్లు భయపడతారు, ఆ నింద దానిది కాదు. అదే కాలంలో పూసే రాగ్‌వీడ్ పుప్పొడి గాలిలో ఎగిరి తుమ్ములు తెప్పిస్తుంది. గోల్డెన్‌రాడ్ పుప్పొడి బరువుగా, జిగటగా ఉంటుంది, తేనెటీగలు మోస్తేనే కదులుతుంది.

మరి చామంతి కుండీలు?

మెట్ల మీద రెండు వారాల కళకి చామంతి కుండీని మించింది లేదు. పూలగుత్తి కొన్నట్టు కొనుక్కోండి, అయిపోయాక బాధ లేకుండా తీసేయండి. ఏటా రావాలంటే మాత్రం వసంతంలో ‘షెఫీల్డ్ పింక్’ లాంటి గట్టి చామంతి నేలలో నాటండి. అక్టోబర్ నుంచి నవంబర్ దాకా లేత పీచ్ రంగులో పూస్తుంది, సువాసన ఆస్టర్‌కి మంచి జోడీ.

అట్లాంటాలో ఉన్నవాళ్లకి జార్జియా ఆస్టర్ ఉంది, ముదురు ఊదా, అక్టోబర్, నవంబర్ పువ్వు. బే ఏరియా, లండన్ వైపు ‘మోంక్’ అనే ఫ్రికార్టీ ఆస్టర్ చూడండి. స్విట్జర్లాండ్‌లో పుట్టింది, అక్కడి మంచు శిఖరం పేరు పెట్టారు. జులై నుంచి అక్టోబర్ దాకా నెలల తరబడి పూస్తుంది, తెగులు అరుదు. చలికాలంలో వేరు దగ్గర నీరు నిలిస్తే మాత్రం కుళ్లిపోతుంది.

తుంచడం, విడదీయడం

రకం ఏదైనా ఈ రెండు పనులు చేతనైతే చాలు. మే చివర్లో, జూన్‌లో మొక్క అడుగెత్తు అయ్యాక ప్రతి కొమ్మ కొసనీ మూడో వంతు తుంచండి. పక్కల నుంచి రెండేసి, మూడేసి కొమ్మలొస్తాయి, మొక్క గుబురవుతుంది, పడిపోదు. జులై 4 దాటాక ముట్టుకోకండి, మొగ్గలు పోతాయి. తుంచితే పూత వారం పది రోజులు వెనక్కి జరుగుతుంది కూడా. దీన్ని పండుగకి వాడుకోవచ్చు. తొందర పండుగ ఏడు జూన్ మొదట్లో ఒక్కసారి తుంచి వదిలేస్తాను. ఆలస్యం పండుగ ఏడు జూన్ చివర్లో రెండోసారి తుంచుతాను, అదీ దుబ్బులో ముందు సగమే. వెనక సగం తొందరగా పూస్తుంది, ముందు సగం తరవాత అందుకుంటుంది.

రెండు మూడేళ్లకొకసారి ఏప్రిల్లో, పిలకలు రెండంగుళాలు లేచినప్పుడు, దుబ్బు మొత్తం తవ్వి విడదీయండి. నడిమి భాగం ముదిరి గట్టిబడి ఉంటుంది, అది పారేయండి. అంచుల్లో ఉండే లేత ముక్కలే మళ్లీ నాటాలి. కుందేళ్లకి ఈ లేత పిలకలంటే మహా ఇష్టం, ఒక్క రాత్రిలో నేలమట్టం చేస్తాయి, కాబట్టి మే దాకా చుట్టూ రెండడుగుల కోడివల (చికెన్ వైర్) కట్టండి. పూత అయ్యాక ఎండు కాడలని చలికాలమంతా అలాగే వదిలేయండి, చిన్న తేనెటీగలు కొన్ని ఆ పుల్లల్లో తలదాచుకుంటాయి. వసంతంలో కోస్తే సరిపోతుంది.

మిగిలిన ముక్కలని తడి పేపర్లో చుట్టి తెలిసినవాళ్లకి ఇవ్వండి. మా వీధిలో ఇప్పుడు ఐదిళ్లలో ఉన్న సువాసన ఆస్టర్ అంతా వెనకింటావిడ ఇచ్చిన ఆ ఒక్క పిడికెడే.